అడిగితే బదులిచ్చే రేడియో

పోయిన నెల ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. ఈమధ్యే మైక్రోకంట్రోలర్ల (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న చిప్పుల) మీద ఇష్టం పెంచుకున్నాడు. తోటలో మట్టి తేమ కొలిచి, ఆ అంకెను ఇంట్లో ఉన్న బోర్డుకి పంపాలట. మధ్యలో 60 మీటర్ల దూరం, రెండు గోడలు, కొన్ని చెట్లు. "అన్నా, అన్నిటికంటే రేంజ్ ఎక్కువున్న రేడియో మాడ్యూల్ ఏదో చెప్పు, అదే తెప్పించుకుంటా" అన్నాడు. నేను పెద్దగా ఆలోచించకుండా ఒక లోరా మాడ్యూల్ (తక్కువ పవర్‌తో చాలా దూరం పోయే రకం) పేరు చెప్పేశాను. సూటిగా అడిగాడు, సూటిగా చెప్పాను అనుకున్నాను.

రెండు వారాలకి ఫోన్ చేశాడు. గొంతులో నీరసం. "టేబుల్ మీద పక్కపక్కన పెడితే వస్తోందన్నా. పక్క గదిలోకి తీసుకెళ్తే ఒక్క ప్యాకెట్ కూడా రావట్లేదు." కిలోమీటర్లు పోతుందని నేను చెప్పిన మాడ్యూల్ అది.

గంటసేపు మాట్లాడుకున్నాం. ముందు చిప్ వెర్షన్ రిజిస్టర్ (రిజిస్టర్ అంటే చిప్ తన వివరాలు, సెట్టింగులు ఉంచుకునే చిన్న గది) చదవమన్నాను. హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 42వ అడ్రసు. హెక్స్ 12 వచ్చింది. అంటే ఎస్‌ఎక్స్1276 చిప్ బతికే ఉంది, ఎస్‌పీఐ వైర్లు (బోర్డు, చిప్ మాట్లాడుకునే తీగలు) కూడా సరిగ్గానే ఉన్నాయి. తర్వాత, వచ్చిన ప్యాకెట్‌కి ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ ఎంత బలంగా అందిందో చెప్పే అంకె) ఎంత చూపిస్తోందని అడిగాను. జానెడు దూరంలో -97 డీబీఎం అన్నాడు (సున్నా నుంచి ఎంత కిందికి పోతే సిగ్నల్ అంత బలహీనం). అంత దగ్గర్లో అది -30, -40 మధ్య ఉండాలి. "బోర్డు వెనక ఏ ఫ్రీక్వెన్సీ పక్కన టిక్ ఉంది?" అంటే, "868" అన్నాడు. "కోడ్‌లో ఎంత పెట్టావ్?" కాసేపు నిశ్శబ్దం. "433. నెట్‌లో దొరికిన కోడ్‌లో అదే ఉంది."

ఎస్‌ఎక్స్1276 చిప్ 137 నుంచి 1020 మెగాహెర్ట్జ్ దాకా ఏ అంకె ఇచ్చినా మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. కానీ చిప్ లోపల 525 మెగాహెర్ట్జ్ కింద వినడానికి ఒక దారి, పైన వినడానికి ఇంకో దారి ఉన్నాయి. అతని చేతిలో ఉన్న ఆర్‌ఎఫ్‌ఎం95లో పై దారి మాత్రమే యాంటెన్నా దాకా వస్తుంది. 433 పెట్టగానే చిప్ రెండో చెవితో వినడం మొదలుపెట్టింది, ఆ చెవికి తీగే లేదు. కోడ్‌లో ఒక్క అంకె మార్చాడు. ఆ సాయంత్రమే తోట చివరి నుంచి రీడింగులు వచ్చాయి.

ఫోన్ పెట్టేశాక కూడా ఆ సంభాషణ నన్ను వదల్లేదు. అతను అడిగిన ప్రశ్నే సరైనది కాదు, నేను దాన్ని సరిచేయకుండా జవాబిచ్చాను. ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించిన గుణానికి రేంజ్‌తో సంబంధం లేదు. మేం రెండు ప్రశ్నలు వేశాం, ఆ మాడ్యూల్ రెండిటికీ బదులిచ్చింది. అలా బదులివ్వలేని మాడ్యూల్ ఉండి ఉంటే అతను ఈపాటికి పెట్టె సర్దేసి ఉండేవాడు. అప్పటి నుంచీ నా అభిప్రాయం ఇది: మొదటి రేడియో మాడ్యూల్‌ని ఎంచుకునేటప్పుడు అది ఎంత దూరం పోతుందనే కంటే, పని చేయనప్పుడు ఎంత చెప్పగలదనేదే ముందు చూడాలి. ఇందులో నాకే కొన్ని అనుమానాలున్నాయి, వాటిని కూడా ఇక్కడే రాస్తాను.

ఒక చిన్న వివరణ. ఇలాంటి మాడ్యూళ్లని మనవాళ్లు మాటవరసకి లో ఫ్రీక్వెన్సీ అంటుంటారు. నిజానికి ఆ పేరు 30 నుంచి 300 కిలోహెర్ట్జ్ పట్టీది. నేను మాట్లాడుతున్నది గిగాహెర్ట్జ్ కంటే కింద ఉండే 433, 868, 915 లాంటి వాటి గురించి. 2.4 గిగాహెర్ట్జ్‌తో పోలిస్తే లో అన్నమాట.

మూగ జంట

"ముందు చవకవాటితో నేర్చుకో, తర్వాత మంచివి కొనుక్కుందువు గాని" అనేది ఈ రంగంలో అందరూ ఇచ్చే సలహా. నాకూ అదే ఇచ్చారు. అలా నా చేతికి మొదట వచ్చినవి ఎఫ్‌ఎస్1000ఏ అనే బుల్లి ట్రాన్స్‌మీటర్, దానికి జతగా ఎక్స్‌వై-ఎంకే-5వీ అనే రిసీవర్. మూడు నాలుగు పిన్నులు, రిజిస్టర్లు లేవు, సెట్టింగులు లేవు. చూడ్డానికి ఇంతకంటే సులువైంది లేదు.

మొదటి రోజు సాయంత్రం సీరియల్ మానిటర్ (బోర్డు పంపే అక్షరాలు కంప్యూటర్‌లో కనిపించే కిటికీ) నిండా చెత్త. ట్రాన్స్‌మీటర్ తీగ పీకేశాను. చెత్త ఆగలేదు. రిసీవర్ పాడైందనుకుని ఇంకోటి పెట్టాను. అదీ అంతే. రెండు మాడ్యూళ్లూ బాగానే ఉన్నాయని, ఆ రిసీవర్‌కి నిశ్శబ్దం అంటే అదేనని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

అది సూపర్ రీజెనరేటివ్ రిసీవర్. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో ప్రపంచానికి చూపించిన సర్క్యూట్. గుప్పెడు పార్టులతోనే ఆశ్చర్యపోయేంత సున్నితంగా వినగలగడం దాని గొప్పతనం. సిగ్నల్ లేనప్పుడు మాత్రం ఆ సున్నితత్వమే గాలిలోని గోలనంతా ఒకట్లు, సున్నాలుగా బయటికి తోస్తుంది. అందుకే ఇలాంటి జంటతో డేటా పంపేవాళ్లు అసలు మాట కంటే ముందు 1010 అంటూ కాసేపు లయగా తాళం వేస్తారు, దీన్నే ప్రీయాంబుల్ అంటారు. రిసీవర్ ఆ తాళానికి సర్దుకున్నాక అసలు విషయం చెబుతారు. పాత వర్చువల్‌వైర్ లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) 36 బిట్ల తాళం వేసేది. ఆ తర్వాత ప్రతి 4 బిట్లనీ మూడు ఒకట్లు, మూడు సున్నాలు ఉండే 6 బిట్లుగా మార్చి పంపేది, రిసీవర్ ఒక వైపుకి ఒరిగిపోకుండా. దాని వారసురాలు రేడియోహెడ్‌లో కూడా ఇదే పద్ధతి.

ఇదంతా తెలిశాక ముచ్చటగానే ఉంటుంది. తెలియనివాడి పరిస్థితి వేరు. యాంటెన్నా పొడవు తప్పినా, వోల్టేజీ తగ్గినా, వేగం కుదరకపోయినా, పక్కన ఇంకో రిమోట్ నొక్కినా ఈ జంట చూపించే లక్షణం ఒక్కటే: మాట రాదు. నాలుగు జబ్బులకీ ఒకే జ్వరం అన్నమాట. వెర్షన్ నంబర్ లేదు, సిగ్నల్ బలం లేదు, ప్యాకెట్ వచ్చి చెడిపోయిందా అసలు రానేలేదా అన్నది కూడా తెలియదు. చవకదని కొత్తవాళ్ల చేతిలో పెడుతున్నాం గానీ, ఇది అనుభవం ఉన్నవాళ్లు వాడాల్సిన వస్తువు.

దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది, అది నిజం కూడా. ప్రీయాంబుల్ అంటే ఏమిటో, డేటాలో ఒకట్లు, సున్నాలు సమానంగా ఎందుకు ఉండాలో నాకు నేర్పింది ఈ జంటే. అన్నీ చిప్పే చేసిపెట్టే మాడ్యూల్‌తో మొదలుపెట్టి ఉంటే ఆ మాటలు డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే చిప్ వివరాల పుస్తకంలో) చదివి దాటేసేవాణ్ణి. కాకపోతే నేను నేర్చుకున్నది ఆ మాడ్యూల్‌ని చూస్తూ కాదు. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న యూఎస్‌బీ రిసీవర్ ఒకటి తెచ్చి కంప్యూటర్‌కి పెట్టి, నా సిగ్నల్ తెర మీద జారడం మొదటిసారి చూసినప్పుడు నేర్చుకున్నాను. నేను 433.92 అనుకున్నది కాస్త పక్కకి జరిగి ఉంది. బిట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో కంటికి కనిపించింది. ఆ కన్ను మీ దగ్గర ఉంటే మూగ జంటతో నిక్షేపంగా మొదలుపెట్టండి. రెండో రకం మాడ్యూల్ కొనేకంటే ముందు ఆ యూఎస్‌బీ రిసీవర్ తెచ్చుకోమని నేను అందరికీ చెబుతుంటాను.

ఇంకో మినహాయింపు కూడా ఉంది. అవతలి వైపు ఉన్నది రిమోట్‌తో వెలిగే ప్లగ్గో, పాత వాతావరణ సెన్సరో అయితే, వాటి భాషే ఆన్-ఆఫ్ భాష కాబట్టి ఈ జంట, లేదా ఆర్‌ఎక్స్‌బీ6 లాంటి సూపర్‌హెట్ రిసీవర్ (వచ్చిన సిగ్నల్‌ని ముందు ఒక స్థిర ఫ్రీక్వెన్సీకి మార్చి వినే రకం) సరైన ఎంపిక. తలుపు తాళం మాత్రం దీనికి అప్పగించకండి. ప్రతిసారీ ఒకే కోడ్ పంపే రిమోట్‌ని ఎవరైనా ఒకసారి రికార్డు చేసి మళ్లీ వినిపిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది.

సీరియల్ డబ్బాలు

రెండో కొసన హెచ్‌సీ-12 లాంటి మాడ్యూళ్లు ఉన్నాయి. లోపల ఎస్‌ఐ4463 రేడియో చిప్, దాన్ని నడిపే ఒక చిన్న కంట్రోలర్. మనకి కనిపించేది సీరియల్ పోర్ట్ మాత్రమే. ఇటు రాసింది అటు వస్తుంది. నా స్నేహితుడు ఒకడు నీటి మీద తిరిగే మోడల్ పడవ నుంచి జీపీఎస్ అంకెలు తెప్పించుకోవడానికి దీన్ని పెట్టాడు. అరగంటలో పని అయిపోయింది, ఇంతవరకు మళ్లీ ముట్టుకోలేదు. అతను తప్పు చేశాడని నేను అనలేను. సీరియల్ కేబుల్‌ని మధ్యలో కోసి గాలి పెట్టడమే అవసరమైతే ఇదే మందు.

ఇబ్బంది మూడో నోడ్ (రేడియో ఉన్న బోర్డు) చేరినప్పుడు మొదలవుతుంది. ఎవరు మాట్లాడారో అది చెప్పదు, ఎంత బలంగా వినిపించిందో చెప్పదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం మీ చేతికే వస్తుంది. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. దాని 100 ఛానెళ్లు 433.4 నుంచి 473.0 మెగాహెర్ట్జ్ దాకా 400 కిలోహెర్ట్జ్ చొప్పున పరుచుకుని ఉంటాయి. యూరప్‌లో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చే పట్టీ 433.05 నుంచి 434.79 దాకానే. లెక్కేస్తే మొదటి 4 ఛానెళ్లే అందులో పడతాయి. పవర్ కూడా 100 మిల్లీవాట్ల దాకా పెట్టుకోవచ్చు, అక్కడి పరిమితి 10. డబ్బా మూసి ఉంది కాబట్టి ఇదంతా ఎవరి కంటా పడదు. 865 నుంచి 868 మధ్య అనుమతించిన భారత్ అయినా, 902 నుంచి 928 మధ్య అనుమతించిన అమెరికా అయినా, ముందు పట్టీ చూసుకుని తర్వాత మాడ్యూల్ చూసుకోవాలి. మనం వాడే గాలినే ఇంకొకరి అలారం కూడా వాడుకుంటోంది.

రేంజ్ మీద నా అనుమానాలు

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. దూరమే అసలు అవసరమైన ప్రాజెక్టులు ఉంటాయి. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పంపు మోటారు నడుస్తోందో లేదో తెలియాలంటే లోరాకి సాటి వచ్చేది ఈ కోవలో లేదు. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని గాలిలో ఎంత సాగదీసి పంపాలో చెప్పే సెట్టింగ్) 12లో అది నాయిస్ కంటే 20 డీబీ కింద, అంటే వంద రెట్లు బలహీనంగా, మునిగిపోయిన సిగ్నల్‌ని కూడా పైకి తీస్తుంది. మొదటిసారి ఆ నెగెటివ్ ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంతో చెప్పే) అంకె చూసినప్పుడు నేను కోడ్‌లో గుర్తు తప్పు రాశాననుకుని రెండుసార్లు సరిచూసుకున్నాను. అది నిజంగా అద్భుతమైన పని.

మరి మన కుర్రాడికి ఆ అద్భుతం అవసరమా? ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 433 మెగాహెర్ట్జ్ దగ్గర 60 మీటర్ల ఖాళీ గాలిలో నష్టం 61 డీబీ. 13 డీబీఎంతో పంపితే -48 దగ్గర అందాలి. గోడలకి, చెట్లకి, వంకర యాంటెన్నాకి కలిపి ఇంకో 40 డీబీ తీసేసినా -88. ఆర్‌ఎఫ్‌ఎం69 లాంటి మామూలు ఎఫ్‌ఎస్‌కే (ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ జరిపి బిట్లు పంపే) మాడ్యూల్, సెకనుకి 1200 బిట్ల నెమ్మది వేగంలో -120 దాకా వింటుంది. అంటే ఇంకా 30 డీబీ చేతిలో మిగిలే ఉంది. నేను ముందు ఈ లెక్క వేసి ఉంటే లోరా పేరు ఎత్తేవాణ్ణి కాదు.

అదనపు దూరం ఊరికే రాదు. 10 బైట్ల ప్యాకెట్‌ని 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7తో పంపితే గాలిలో 41 మిల్లీసెకన్లు ఉంటుంది. అదే 12తో పంపితే 991 మిల్లీసెకన్లు. దాదాపు 24 రెట్లు. దానికి ప్రతిఫలంగా వచ్చేది 13 డీబీ. బ్యాటరీ నుంచి 24 రెట్లు, పక్కవాళ్ల సమయం నుంచి 24 రెట్లు. గంటలో 1 శాతం మాత్రమే మాట్లాడాలన్న నియమం ఉన్నచోట అలాంటి ప్యాకెట్లు గంటకి 36 మించి పంపకూడదు. అయినా నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో 12 పెట్టి ఉంచుతారు, మంచిదే కదా అన్నట్టు.

ప్యాకెట్ గాలిలో ఎంత ఎక్కువసేపు ఉంటే ఇంకొకదానితో ఢీకొనే అవకాశం అంత ఎక్కువ. గోడ ప్లగ్గు మీద నడిచే నా మూడు నోడ్లు పది నిమిషాలకోసారి మాట్లాడేవి. నెలలపాటు బాగా నడిచాయి. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత రెండు నోడ్లు మాయం. యాంటెన్నాలు చూశాను. చివరికి రిసీవర్ లాగ్‌లో ఒక విషయం కనిపించింది: సరిగ్గా పది నిమిషాలకోసారి సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిపోయిందా అని సరిచూసే అంకె) తప్పిన ప్యాకెట్ ఒకటి వస్తోంది. కరెంటు రాగానే మూడూ ఒకే క్షణంలో లేచాయి, అప్పటి నుంచి ప్రతి పది నిమిషాలకీ ముగ్గురూ ఒకేసారి నోరు తెరుస్తున్నారు. గట్టిగా వినిపించేవాడి మాట ఒక్కోసారి నెగ్గుతోంది, మిగతావాళ్ల మాట మునిగిపోతోంది. నిద్ర సమయానికి కొన్ని సెకన్ల యాదృచ్ఛిక తేడా కలిపాను, అంతే. సీఆర్‌సీ తప్పిన ప్యాకెట్‌ని కూడా నాకు చూపించే మాడ్యూల్ కాబట్టి ఆ జాడ దొరికింది.

రేంజ్ గురించి వాదన ఎప్పుడొచ్చినా 2.4 గిగాహెర్ట్జ్ మాట కూడా వస్తుంది. 433తో పోలిస్తే అక్కడ లెక్కల్లో 15 డీబీ ఎక్కువ నష్టం. ఖాళీ గాలి ఆ తరంగాన్ని ఎక్కువ మింగేయడం దీనికి కారణం కాదు. పావు తరంగం తీగ 17 సెంటీమీటర్ల నుంచి 3 సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది, అంత చిన్న తీగ తక్కువ శక్తిని పట్టుకుంటుంది. గోడలు, తడి ఆకులు వచ్చి చేరితే తేడా ఇంకా పెరుగుతుంది. తోట పనికి కింది ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడంలో నాకు ఎలాంటి సందేహం లేదు.

రిజిస్టర్లతో ముఖాముఖి

ప్రోగ్రామింగ్ విషయంలో నా పట్టుదల ఇంకాస్త ఎక్కువ. లైబ్రరీ దించుకునే ముందు, ఒక్క సాయంత్రమైనా ఖాళీ స్కెచ్ (ఆర్డుయినో ప్రోగ్రాం) తెరిచి నాలుగు పనులు మీ చేత్తో చేయండి: ఒక రిజిస్టర్ చదవడం, ఒకటి రాయడం, వెర్షన్ చూడడం, ఫ్రీక్వెన్సీ పెట్టడం.

ఆర్‌ఎఫ్‌ఎం69లో హెక్స్ 10 అనే అడ్రసు చదివితే హెక్స్ 24 రావాలి. 00 వచ్చినా, అన్నీ ఒకట్లే వచ్చినా మీరు రేడియోతో మాట్లాడట్లేదు, తెగిపోయిన తీగతో మాట్లాడుతున్నారు. ఫ్రీక్వెన్సీ కూడా బ్రహ్మవిద్య కాదు. 32 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 2 ఘాతం 19తో భాగిస్తే ఒక మెట్టు 61 హెర్ట్జ్ చిల్లర. కాబట్టి మెగాహెర్ట్జ్‌లో ఉన్న అంకెను 16384తో గుణించి, వచ్చినదాన్ని మూడు బైట్లుగా విడగొట్టి మూడు రిజిస్టర్లలో రాయడమే. 433కి అది 70,94,272. ఒకసారి ఈ గుణకారం చేసినవాళ్లు కోడ్‌లో ఫ్రీక్వెన్సీ లైన్‌ని ఇక ఎప్పటికీ చూడకుండా దాటిపోరు.

సీసీ1101 అనే ఇంకో రేడియో చిప్ దగ్గర నాకు జరిగింది చెబుతాను. చిప్ పాతదే, ఇప్పటికీ మంచిదే. వెర్షన్ రిజిస్టర్ హెక్స్ 31. చదవాలంటే పై బిట్ ఒకటి చేయాలని ఉంది, చేశాను. హెక్స్ బీ1 పంపాను. వచ్చింది వెర్షన్‌లా లేదు. పైగా ప్రతిసారీ అంకె మారుతోంది. ఒక రాత్రి గడిచాక డేటాషీట్‌లో ఆ వాక్యం దొరికింది. ఆ చిప్‌లో హెక్స్ 30 నుంచి మొదలయ్యే అడ్రసులకి రెండు అర్థాలు. బర్స్ట్ బిట్ (మామూలుగా వరసగా చదవాలని చెప్పే బిట్) కూడా కలిపి ఎఫ్1 అని పంపితే అది వెర్షన్ రిజిస్టర్. కలపకుండా పంపితే అది ఒక ఆజ్ఞ, ఫ్రీక్వెన్సీ సింథసైజర్‌ని (ఫ్రీక్వెన్సీని తయారుచేసే భాగాన్ని) లేపి సిద్ధంగా ఉండమని. నువ్వెవరు అని నేను అడుగుతున్నాననుకున్న ప్రతిసారీ దాన్ని పరుగుకి సిద్ధం చేస్తున్నాను. అందుకే స్టేటస్ మారుతోంది. బిట్ కలపగానే హెక్స్ 14 వచ్చింది. ఆ రాత్రి తర్వాత ఆ డేటాషీట్ నాకు పరాయి పుస్తకంలా అనిపించలేదు.

ఇంకో సంఘటన ఆర్‌ఎఫ్‌ఎం69లో ఒక్క అక్షరం వల్ల జరిగింది. పేరు చివర డబ్ల్యూ ఒక్కటే ఉంటే ఒక రకం, హెచ్‌డబ్ల్యూ ఉంటే ఎక్కువ పవర్ రకం. చూడ్డానికి కవల పిల్లలు. మామూలు రకంలో పవర్ ఒక ఆంప్లిఫయర్ నుంచి యాంటెన్నాకి వెళ్తుంది, హెచ్ రకంలో వేరే పిన్ను నుంచి వెళ్తుంది. చిప్ లేచేటప్పుడు మొదటి దారిలోనే లేస్తుంది. నా దగ్గర ఉన్నది హెచ్ రకం, కోడ్ మామూలు రకానికి రాసింది. రేడియో నిజాయితీగా పంపుతోంది, తీగ లేని పిన్నులోకి. లోపల కారిపోయిన కొద్దిపాటి సిగ్నల్ పక్కనున్న రిసీవర్‌కి అందుతోంది, అందుకే అంతా బాగుందనుకున్నాను. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ -80 దగ్గర ఉండడం చూసి అనుమానం వచ్చి ఉండకపోతే యాంటెన్నాలు మారుస్తూ ఇంకో వారం గడిపేవాణ్ణి. ఈ అనుభవం ఉండబట్టే ఫోన్‌లో ఆ కుర్రాడిని మొదట్లోనే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అడగగలిగాను.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. లైబ్రరీ రాసినవాళ్లు మనకంటే ఎక్కువ చూశారు. ఆర్‌ఎఫ్‌ఎం69 20 డీబీఎం ఇవ్వాలంటే రెండు టెస్ట్ రిజిస్టర్లు మార్చాలి, వినడానికి మారేటప్పుడు మళ్లీ వాటిని వెనక్కి తేవాలి. తర్వాత వచ్చిన లోరా చిప్ ఎస్‌ఎక్స్1262లో ప్రతి ఆజ్ఞకి ముందు బిజీ పిన్ను దిగేదాకా ఆగాలి. టీసీఎక్స్‌ఓ (వేడి మారినా ఫ్రీక్వెన్సీ జరగకుండా చూసుకునే ఆసిలేటర్) ఉన్న మాడ్యూల్ అయితే దానికి మూడో డీఐఓ పిన్ను ద్వారా కరెంటు ఇవ్వమని చెప్పాలి, లేకపోతే ఆసిలేటరే మొదలవదు. ఇవన్నీ రేడియోలిబ్ లాంటి లైబ్రరీలు చక్కగా చూసుకుంటాయి. సొంతంగా రాసినవాడు ఒక్కటి మర్చిపోయినా బోల్తా పడతాడు. ఈ మాట నేను ఒప్పుకుంటాను. నా తోటలో ఇప్పుడు నడుస్తున్న నోడ్లలోనూ లైబ్రరీలే ఉన్నాయి. నేనంటున్నది సొంత డ్రైవర్ రాసి దానితో బతకమని కాదు. లైబ్రరీ మొదలవలేదని ఎర్రర్ కోడ్ ఇచ్చినప్పుడు, ఆ కోడ్ వెనక ఏ రిజిస్టర్ ఉందో చూడగల ధైర్యం ఉండాలని. ఎస్‌ఎక్స్1262 పాతవాటిలా ఒక్క అడ్రసులో వెర్షన్ చెప్పదు, కానీ ఎర్రర్లు అడిగితే ఆసిలేటర్ మొదలవలేదని ఒక బిట్ ఎత్తి చూపిస్తుంది. అడగడం తెలిసినవాడికే అది పనికొస్తుంది.

కరెంటు, తీగ

ఈ రెండింటి గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆర్డుయినో ఊనో బోర్డులో 3.3 వోల్టుల పిన్ను నుంచి తీసుకోమన్నది 50 మిల్లీయాంపులు. ఆర్‌ఎఫ్‌ఎం69 హెచ్‌డబ్ల్యూ 20 డీబీఎంతో పంపేటప్పుడు 130 తాగుతుంది. వినేటప్పుడు అంతా బాగుండి, పంపబోయిన క్షణంలో బోర్డు రీసెట్ అవుతోందంటే కోడ్ వైపు చూడకండి. రేడియో పిన్నులు 5 వోల్టులు భరించవని కూడా గుర్తుంచుకోండి. వెంటనే చచ్చిపోకపోవచ్చు, అదే ఇంకా ప్రమాదం.

తీగ విషయంలో, 433కి 17.3 సెంటీమీటర్లు, 868కి 8.6. పెట్టెలో పట్టలేదని నేను ఒకసారి దాన్ని బ్యాటరీ చుట్టూ అందంగా చుట్టి పెట్టాను. అంతకుముందు -71 ఉన్నది -88 అయింది. నిటారుగా బయటికి తీయగానే తిరిగొచ్చింది. 17 డీబీ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7 నుంచి 12కి వెళ్తే వచ్చేదానికంటే ఎక్కువ. రాగి తీగని వంచకుండా ఉంచితే ఊరికే వచ్చేదాన్ని, 24 రెట్లు గాలి సమయం పెట్టి కొంటున్నాం.

బ్యాటరీని తినేసేది పంపడం అని అందరూ అనుకుంటారు. ఆర్‌ఎఫ్‌ఎం69 ఊరికే వింటూ కూర్చుంటే 16 మిల్లీయాంపులు. 2000 మిల్లీయాంప్-అవర్ల బ్యాటరీ 125 గంటల్లో ఖాళీ. ఐదు రోజులు. కాబట్టి బ్యాటరీ మీద ఉన్న నోడ్ పంపి, ఆక్నాలెడ్జ్‌మెంట్ (అందింది అనే జవాబు) కోసం కొద్దిసేపు విని, నిద్రపోవాలి. ఎప్పుడూ వినే పని గోడ ప్లగ్గు మీద ఉన్నదానికి ఇవ్వాలి. ఆ ఆక్నాలెడ్జ్‌మెంట్‌లోనే గేట్‌వే (ఎప్పుడూ వినే ఆ నోడ్) తనకి వినిపించిన ఆర్‌ఎస్‌ఎస్‌ఐని వెనక్కి పంపితే ఇంకా మంచిది, నోడ్ తన గొంతు అవతల ఎలా వినిపిస్తోందో తెలుసుకుని పవర్ తగ్గించుకోగలదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే

ఇప్పుడు నన్ను ఎవరైనా ఏ మాడ్యూల్ కొనాలని అడిగితే ముందు దూరం, నోడ్ల సంఖ్య, కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అని అడుగుతున్నాను. వంద మీటర్ల లోపు, నాలుగైదు నోడ్లు అయితే ఆర్‌ఎఫ్‌ఎం69 చెబుతున్నాను. దానికి 66 బైట్ల ఫైఫో (డేటా వరసలో వేచి ఉండే చోటు) ఉంది, ఏఈఎస్-128 (డేటాని రహస్యంగా మార్చే పద్ధతి) చిప్‌లోనే ఉంది, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ ఉంది, డేటాషీట్ ఓపిగ్గా చదివితే అర్థమవుతుంది. సీసీ1101 కూడా అంతే మంచిది, రిజిస్టర్ అంకెలు లెక్కవేసి ఇవ్వడానికి తయారీదారు ఇచ్చే స్మార్ట్ ఆర్‌ఎఫ్ స్టూడియో ఉంది కాబట్టి కొందరికి అదే ఇంకా సులువు. కిలోమీటర్లు కావాలంటే లోరా, కానీ 7తో మొదలుపెట్టి అవసరమైతేనే పైకి వెళ్లమంటున్నాను. ఒక్క లింకే, రేపే కావాలి అంటే సీరియల్ డబ్బా. మూగ జంట మాత్రం కన్ను ఉన్నవాళ్లకే.

మన కుర్రాడు ఆ లోరా మాడ్యూల్‌నే ఉంచుకున్నాడు, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7తో నడుపుతున్నాడు. ప్రతి ప్యాకెట్‌తో పాటు ఆర్‌ఎస్‌ఎస్‌ఐని కూడా ఫైల్లో రాసుకోవడం మొదలుపెట్టాడు. నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ వచ్చింది: "అన్నా, వాన పడ్డాక సిగ్నల్ 6 డీబీ తగ్గింది, తెల్లారేసరికి మళ్లీ మామూలైంది. ఆకుల వల్లా, పెట్టె మీద నీళ్ల వల్లా?" యాంటెన్నాకి పెట్టె మూత ఎంత దగ్గరగా ఉందో ఫొటో పంపమన్నాను. ఈసారి వానకి ముందు మూత మీద గుడ్డ తడిపి వేసి, ఆకులు పొడిగా ఉండగానే ఒక రీడింగ్ తీసి చూడమని కూడా చెప్పాను.